వెనక్కి నడిచిన బండి, దశరథం మాస్టర్

దశరథం ఒకే ఒక్క మాటతో గెలిచిన తగాదా ఒకటి నేను దగ్గరుండి చూశాను. సూరత్‌లో, కరోనాకు ముందు సంవత్సరం సంగతి. లింబాయత్‌లో మేమంతా అద్దెకుండే మూడంతస్తుల ఇంట్లో మెట్ల కింద అతని పాత మోటారుసైకిల్ ఒకటి పడి ఉండేది. పై అంతస్తులో ఉండే ఓంప్రకాష్‌కు ఆ బండిని చూస్తేనే ఒళ్లు మండేది. ఒక ఆదివారం పొద్దున అతను బియ్యం బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే దాని హ్యాండిల్ గీసుకుని బస్తా చిరిగింది. గుప్పెడు బియ్యం రాలాయో లేదో, మొదలుపెట్టాడు.

"ఇది ఇల్లా, భంగార్ దుకాణమా? ఎనిమిదేండ్ల సంది చూస్తున్న, ఒక్కనాడన్న దీన్ల నుంచి పొగ వచ్చిందా? ఇయ్యాల దీన్ని తీస్తవా, లేకుంటే నేనే తీస్కపోయి నాలల పారెయ్యాల్నా?"

దశరథం కింది మెట్టు మీద కూర్చుని ఓంప్రకాష్ నోటి వంకే చూస్తున్నాడు. కళ్లు ఆర్పడం లేదు. ఓంప్రకాష్ బండిని తిట్టాడు, బండిని తెచ్చిన వాణ్ని తిట్టాడు, అలాంటి వాడికి పిల్లనిచ్చిన మామను తిట్టాడు. అరగంట అయింది. గల్లీలో ఉన్న ఆడవాళ్లందరం పనులు వదిలేసి నిలబడ్డాం. చివరికి అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అప్పుడు దశరథం లేచి, దగ్గరికి వెళ్లి, మెడ వంచి అతని నోట్లోకి తొంగి చూసి, ఎంతో ప్రేమగా అన్నాడు.

"ఓంప్రకాషూ, నీ కుడి దిక్కు పైన దౌడపన్ను పుచ్చింది. నల్లగైంది. జల్ది చూపించుకో, లేకుంటే పక్క దానికి సుత ఎక్కుతది."

ఓంప్రకాష్ నోరు టప్పున మూసుకుపోయింది. బుగ్గ లోపల నాలుక అటూ ఇటూ తిరగడం అందరికీ కనిపించింది. బస్తా ఎత్తుకుని పైకి పోయాడు. నాలుగో రోజు ఆ పన్ను పీకించుకు వచ్చాడు. ఆ తర్వాత బండి మాట ఎత్తలేదు.

అందరూ దశరథం తెలివి అన్నారు. తెలివీ కాదు, ఏమీ కాదు. అతనికి ఓంప్రకాష్ తిట్లలో ఒక్కటి కూడా వినపడలేదు, పెదాలు చదవబోతే ఆ పన్ను మీదే చూపు నిలిచిపోయింది.

దశరథంది కోరుట్ల దగ్గర పల్లెటూరు. పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చి సాంచాల మీద చేరాడు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. ముప్పై ఆరు సాంచాలు ఒకే రేకుల షెడ్డు కింద దడదడమంటూ ముప్పై ఏళ్లు కొట్టుకుంటే మనిషి చెవులు ఏమవుతాయో ఎవరైనా ఊహించుకోవచ్చు. కార్ఖానాలో ఎవరూ మాట్లాడుకోరు. అక్కడంతా సైగలు, పెదాలు. పోగు తెగితే రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తారు. శేఠ్ వస్తున్నాడంటే పొట్ట మీద చెయ్యి వేస్తారు. నేను ఇరవై రెండేళ్లు కండెలు చుట్టినదాన్నే, కాని ఇంట్లో కూర్చుని చుట్టి, కార్ఖానాకు ఇచ్చి వచ్చేదాన్ని. అందుకని నాకు సైగలూ వచ్చు, చెవులూ మిగిలాయి. దశరథానికి పెదాలు చదవడం ఎంత బాగా వచ్చంటే, గల్లీ ఆ చివర ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటే ఈ చివర నుంచి వాళ్లు ఎవరిని ఆడిపోసుకుంటున్నారో చెప్పేవాడు. నేను మర్యాదస్తురాలిని కాబట్టి రోజుకు ఒకసారి మించి అడిగేదాన్ని కాదు.

ఇక ఆ బండి. నాన్‌పురాలో ఒక పార్సీ ముసలాయన ఇల్లు ఖాళీ చేసే రోజున దశరథం సామాను మొయ్యడానికి పోయి, దాన్ని తోసుకుంటూ వచ్చాడు. డెబ్బై మూడో సంవత్సరపు బండి అట. చిన్నది, గాడిద పిల్లంత ఉంటుంది. దాని ఇంజను కన్నా నా రుబ్బురోలు బరువు. తెచ్చిన రోజు నుంచి "బాగు చేస్త అవ్వా, బాగు చేస్త" అంటూనే తొమ్మిదేళ్లు గడిపాడు. ఈలోగా దాని సీటు మీద నేను మిరపకాయలు ఎండబెట్టుకునేదాన్ని. ముందు లైటు పెట్టే బోలు గిన్నెలో చింతపండు దాచుకునేదాన్ని. అంతవరకు దానికి చేతనైన పని అదే.

తర్వాత కరోనా వచ్చింది. మార్చిలో కార్ఖానాలు మూతపడ్డాయి. దశరథం భార్య భాగీరథి పిల్లల్ని తీసుకుని తమ్ముడి గృహప్రవేశానికి ఊరు వెళ్లి అక్కడే ఇరుక్కుపోయింది. ఇతను ఇక్కడ ఒంటరి. వండుకోవడం రాదు, నా దగ్గరే తినేవాడు. అన్నిటికన్నా పెద్ద కష్టం మాస్కులది. ఊరందరూ ఒక్కసారిగా మూతులు కట్టుకుంటే మూతి చూసి బతికేవాడి గతి ఏమిటి. రేషన్ దుకాణం వాడు మాస్కు లోపల నుంచి "రేపు రా" అన్నాడట. దశరథం సరేనని తల ఊపి, సంచి పట్టుకుని పొద్దు గూకేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాను. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడాలంటే నేను ఆరు అడుగుల దూరం జరిగి, మాస్కు గడ్డం కిందికి లాగి మాట్లాడేదాన్ని. పోలీసు కనిపిస్తే సైగలు.

జూన్ ఏడో తేదీ ఆదివారం ఫోను మోగింది. అతని ఫోను ఎప్పుడూ నేనే ఎత్తేదాన్ని, అతనికి వినపడదు కాబట్టి. శేఠ్ రసిక్‌భాయ్. ఆయన హిందీలో చెప్పాడు, నేను మాస్కు దించి మన మాటలో దశరథానికి చెప్పాను.

"లింబాయత్ల కార్ఖానా ఇగ తెరువడట. సాంచాలన్ని జోల్వాకు ఎక్కించిండట. వచ్చే సోమవారం పదిహేనో తారీఖు, పొద్దుగాల ఎనిమిదింటికి అక్కడ షెడ్డు తీస్తడట. బస్సు లేదు, ఆటోలు లెవ్వు, ఎవరి బండి మీద వాళ్లు రావాలె అంటుండు. ఎనిమిదింటికి గేటు కాడ నువ్వుంటే తాళాలు నీకు. లేకుంటే నరేశ్‌కట."

దశరథం నా మొహం వంక ఇంకా చూస్తూనే ఉన్నాడు, ఇంకేమైనా మంచి మాట మిగిలి ఉందేమోనని. ఏమీ మిగల్లేదు.

జోల్వా మాకు దగ్గరేం కాదు. కడోదరా దాటి ఇంకా పోవాలి. సైకిల్ మీద పోరాదా అంటే వాచిన మోకాలు చూపించాడు. తాళాలు ఎవరి చేతిలో ఉంటే వాడే షెడ్డుకు మాస్టర్, ఇన్నాళ్లూ అది దశరథమే. మాస్టర్‌గిరీ అంటే తాళాల గుత్తి ఒక్కటే కాదు. మాస్టర్ తిరుగుతూ సాంచాలు బాగు చేస్తాడు, నడుము నొస్తే స్టూలు మీద కూర్చుంటాడు. అది పోతే మళ్లీ మామూలు కారీగర్‌గా రోజుకు పన్నెండు గంటలు నాలుగు సాంచాల మధ్య నిలబడాలి. యాభై రెండేళ్ల వయసులో ఆ మోకాలితో అది పది రోజులు కూడా జరిగే పని కాదు.

నరేశ్ మా గల్లీ చివర ఉండే కుర్రాడు. పాతికేళ్లు దాటాయి, కొత్త స్కూటర్ ఉంది, పనంతా దశరథం దగ్గరే నేర్చుకున్నాడు. దశరథం వెళ్లి, సోమవారం నీ వెనక కూర్చుంటానన్నాడు. నరేశ్ మాస్కు దించి, స్పష్టంగా కనిపించేలా, ఒక్కో అక్షరం పలికి చెప్పాడట.

"కాకా, ఇద్దరు కూసుంటే డిస్టెన్స్ ఎట్లుంటది? నీ పానం మంచిగుండాలె. నువ్వు ఇంట్ల పైలంగుండు. జోల్వా నేను సూస్కుంట."

వచ్చి నాతో చెప్పాడు. "సాంచాకు నూనె ఎక్కడ పొయ్యాల్నో నేనే చూపిన అవ్వా వానికి."

"ఇప్పుడు వాడు నీకు చూపిండు," అన్నాను. తర్వాత వెళ్లి బండి సీటు మీద మిరపకాయలు తీసేశాను. అంతకన్నా నేను చెప్పేదేముంది.

ఆ వారమంతా బండి విడిభాగాలు పాత దుప్పటి మీద పరిచి ఉండేవి. మెట్ల కింద జాగా ఇరుకు. ఒక పక్క గోడ, ఒక పక్క నీళ్ల డ్రమ్ము. అందుకని దశరథం బండి వెనక చక్రం దగ్గర పీట వేసుకుని, అక్కడి నుంచి చేతులు చాపి పని చేసేవాడు. ఇంజను బాగానే ఉందన్నాడు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు మాత్రం తుప్పు పట్టి పొడి అయిపోయాయట. ఆ కాలపు పాయింట్లు ఇప్పుడు ఎక్కడా దొరకవు. పాత ఇనుము కొనే భంగార్ దుకాణంలో పాడుబడ్డ స్కూటర్ నుంచి తీగచుట్ట ఒకటి, నల్ల డబ్బా ఒకటి పట్టుకువచ్చాడు. కొత్త బండ్లలో పాయింట్లు ఉండవట, కరెంటు డబ్బాయే రవ్వ కొడుతుందట. పాత బండికి కొత్త పద్ధతి ఎక్కించాలని అతని ఆలోచన.

"ముసలిదానికి కొత్త పండ్లు కట్టించినట్లా?" అన్నాను.

"అగో గంతే," అన్నాడు సంతోషంగా.

రెండు రోజులు ఆకురాయితో గీకి, కత్తిరించి, మగ్గం బోల్టులతో ఆ తీగచుట్టను ఇంజను పక్కన బిగించాడు. ఇంజను చక్రం ఎక్కడికి వచ్చినప్పుడు రవ్వ పడాలో సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. గీత దగ్గరికి చక్రాన్ని చేత్తో తిప్పడం, చూడటం, బోల్టు వదులు చెయ్యడం, మళ్లీ తిప్పడం. సాంచా సర్దేటప్పుడు ఎంత శ్రద్ధో అంతే శ్రద్ధ. నేను పప్పు ఏరుకుంటూ చూశాను, తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. కనిపిస్తే ఊరుకునేదాన్ని కాదు.

గురువారం పొద్దున బండిని గల్లీలోకి తోశాడు. నేను ఎదురింటి గోడ నీడన పీట వేసుకుని, ముందు మెంతికూర చాటలో పెట్టుకుని కూర్చున్నాను. బండి వీపు నా వైపు ఉంది. అతను పెట్రోల్‌లో నూనె కలిపి పోశాడు. ఇలాంటి చిన్న బండ్లకు పెట్రోల్‌లోనే నూనె కలపాలి, అది అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్న నూనె ఏదైతేనేమని సాంచా నూనె పోశాడు, అది మాత్రం నాకు తర్వాత తెలిసింది.

ఏడు తన్నులకు ఏమీ కాలేదు. ఎనిమిదో తన్నుకు బండి ఎదురు తన్ని, వెంటనే అందుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి పొగ వచ్చింది. ఆ తొమ్మిదేళ్ల బాకీ అంతా ఒకేసారి తీర్చింది. తెల్లటి పొగ, గల్లీ నిండా పొగ, ఒకళ్లకొకళ్లు కనపడని పొగ. మునిసిపాలిటీ వాళ్లు కరోనా మందు కొట్టడానికి వచ్చారని జనం ఇళ్లల్లోంచి బయటికి వచ్చారు. ఎవరో దుప్పట్లు తెచ్చి పొగలో పట్టారు. ఓంప్రకాష్ పై నుంచి, "మా అంతస్తుకు సుత కొట్టున్రి భాయ్," అని కేక వేశాడు.

ఆ పొగలో దశరథం బండెక్కి, దర్జాగా వీపు నిలబెట్టి, గేరు వేసి క్లచ్ వదిలాడు.

బండి వెనక్కి వచ్చింది.

నాకు మొదట అర్థం కాలేదు. పొగలోంచి దశరథం వీపు నా మీదికి వస్తోంది. మొహం అటు, బండి ఇటు. అతను ముందుకే చూస్తున్నాడు, ముందున్న గోడ ఎందుకు దూరమైపోతోందా అని ఆలోచిస్తున్నాడు కాబోలు. నేను అరిచాను, చెవిటివాడికి ఏం వినపడుతుంది. చాట వదిలేసి పక్కకు దొర్లాను. డెబ్బై ఏళ్ల దాన్ని, ఇరవై ఏళ్ల దానిలా దొర్లాను. బండి మెంతికూర మీద ఎక్కి, గోడకు ఆని, ఆగిపోయింది.

పొగ పలచబడే సరికి నరేశ్ స్కూటర్ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. మాస్కు గడ్డం కింద ఉంది, కాబట్టి దశరథానికి అతని మాట పూర్తిగా అందింది.

"ఏంది కాకా, జోల్వాకు గిట్లనే పోతవా? ఎన్కకెన్కకు?"

"పోత," అన్నాడు దశరథం. "గిట్ల పోతే నువ్వు ఎంత ఎన్కబడ్డవో కనవడ్తది."

ఆ మాట బాగానే తగిలింది. కాని ఇంట్లోకి వచ్చాక అతని మొహం చూస్తే నాకు తిట్టడానికి మనసు రాలేదు. మెంతికూర సంగతి అందుకే శనివారం దాకా ఎత్తలేదు.

శుక్రవారం అన్నం సరిగా తినలేదు. చిన్న బండ్లకు వెనక్కి పోయే గేరే ఉండదట. లేని గేరు ఎలా పడిందని పొద్దున్నుంచి బండి ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం మళ్లీ వెనక చక్రం దగ్గర పీట వేసుకుని, చెయ్యి చాపి ఇంజను చక్రాన్ని తిప్పి చూస్తున్నాడు. పైనుంచి పట్టుకుని తన వైపుకు లాగుతున్నాడు. సరిగ్గా సాంచా చక్రాన్ని లాగినట్లు. నేను కొంచెంసేపు చూశాను.

"ఏం రా దశరథం, ఆ చక్రం నీ దిక్కు తిరిగితే బండి ఎటు పోతది?"

అతను నా పెదాల వంక చూశాడు, చక్రం వంక చూశాడు. మళ్లీ లాగాడు. నోరు తెరుచుకునే ఉంది.

సంగతి ఇది. ముప్పై ఏళ్లుగా సాంచా ముందు నిలబడి, ప్రతి ఉదయం, ప్రతి రిపేరుకూ ఆ చక్రాన్ని తన వైపుకే లాగిన చెయ్యి అది. సాంచా చక్రం మనిషి వైపే తిరుగుతుంది. బండి వెనక కూర్చుని, అలవాటుగా తన వైపు లాగి, ఆ తిరుగుడుకే గీత పెట్టి, ఆ గీతకే రవ్వ కట్టాడు. బండికి ఏం తెలుస్తుంది పాపం. ఎటు రవ్వ కొడితే అటు తిరిగింది. ఆ రెండు రోజులూ అతను చేసిన పని అంతా సూది మొన అంత కూడా తేడా లేకుండా, శుభ్రంగా, తలకిందులుగా చేశాడు.

"ఎవరికి చెప్పకు అవ్వా," అన్నాడు.

గల్లీలో చూడని వాళ్లెవరో నాకు తెలియదు, కాని సరేనన్నాను.

శనివారం తీగచుట్టను గీతకు అవతలి వైపు మార్చాడు. భంగార్ దుకాణం పక్కన కొత్తగా తెరిచిన దుకాణంలో అసలు నూనె కొన్నాడు. బండి ముందుకు పోయింది. గల్లీ చివరి దాకా పోయి, దగ్గి, ఆగింది. తోసుకుంటూ తెచ్చాడు. ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

ఆదివారం కార్బ్యురేటర్ పట్టుకున్నాడు. గాలి, పెట్రోల్ ఎంతెంత కలవాలో ఒక చిన్న మర చెబుతుంది. ఇంజను గొంతు వింటూ దాన్ని తిప్పాలి. అదే చిక్కు. దశరథం ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు, సాంచా ఒంటి మీద చెయ్యి వేసి రోగం చెప్పే అలవాటు. కాసేపటికి చెయ్యి తీసేశాడు.

"దడ తెలుస్తుంది అవ్వా. గొంతు తెలుస్తలేదు. గాలి ఎక్కువైతే గొంతు సన్నగైతదట. గట్లనే నడిపితే ఇంజన్ కాలి పట్టేస్తది. పెట్రోల్ ఎక్కువైతే గుడగుడ అంటది. నాకు రెండూ ఒక్కటే. నువ్వు విని చెప్పు."

అలా నేను పొగగొట్టం పక్కన పీట వేసుకున్నాను. అతను స్క్రూడ్రైవర్ పెట్టి పావు చుట్టు తిప్పి నా వంక చూస్తాడు.

"పొద్దుగాల పుక్కిలిస్తరే, గట్లుంది," అన్నాను.

ఇంకో పావు.

"ఇప్పుడు ఓంప్రకాష్ గురక."

"లావా సన్నమా చెప్పు అవ్వా, ఓంప్రకాష్ నాకు వినవడ్తడా?"

అది నిజమే. అతని చెవి ఎరగని వాటితో పోలిస్తే లాభమేముంది. అప్పుడు సైగలు పెట్టుకున్నాం. గొంతు సన్నబడితే నా చెయ్యి పైకి లేస్తుంది. లావైతే కిందికి దిగుతుంది. మంచిగ ఉంటే చదునుగా ఆగుతుంది. అతను నా చేతిని చూస్తూ మర తిప్పాడు. నా చెయ్యి ఎక్కింది, దిగింది, వణికింది, మళ్లీ ఎక్కింది. పైనుంచి చూసేవాళ్లకు నేను బండికి పాట నేర్పుతున్నట్లు ఉందట. మధ్యాహ్నం అన్నం వేళకు ఒకచోట, ఎక్కడా గరుకు లేకుండా, దూదేకినట్లు ఒక శబ్దం వచ్చింది. నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. దశరథం కూడా ఆగి, నా చెయ్యి వంక చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లలో అతను ఒక శబ్దాన్ని మొదటిసారి చూసింది అప్పుడేనేమో. నాకు చెయ్యి లాగింది గాని దించలేదు.

అంతా అయిందనుకున్నాను. అన్నం తింటూ అతను నెమ్మదిగా అన్నాడు.

"ఇక్కడ నిలబెట్టి తిప్పుడు వేరే, తొవ్వ మీద నడిపించుడు వేరే. వేగం పెరిగితే గొంతు మారుతది. నాకు తెల్వది. ఆడ పట్టేసిందంటే నేను నడిమిట్ల నిలవడ్త, నరేశ్ జోల్వాల నిలవడ్తడు. రేపొక్కరోజు నువ్వు ఎన్క కూసో అవ్వా."

"ఆడ నా చెయ్యి నీకెట్ల కనవడ్తది?"

"కనవడొద్దు. సన్నగైతే కుడి బుజం మీద గిచ్చు. లావైతే ఎడమ దిక్కు చరువు. మంచిగుంటే ఏం చెయ్యకు."

సోమవారం పొద్దున ఆరున్నరకు మంచి చీర కట్టుకుని, కొంగు నడుముకు బిగించి ఎక్కాను. గల్లీలో అందరూ నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు, నేను అందరి మొహాలూ ఒక్కసారి చూశాను కాబట్టి.

పర్వత్ పాటియా దాకా బండి బాగానే పాడింది. తర్వాత రోడ్డు ఖాళీగా కనపడే సరికి దశరథానికి ఊపు వచ్చింది. హ్యాండిల్ తిప్పాడు. గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఈల వేసినట్లయింది. గిచ్చాను. వదల్లేదు. సాంచాల మధ్య బతికినవాడు, తోలు మందం. ఈసారి గోరు దించి మెలి పెట్టాను. బండి టక్కున ఆపాడు. దిగి, ఇంజను పక్క చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నాడు. సెగ కొడుతోంది. ఇంకొంచెం పోయి ఉంటే పట్టేసేది. కాసేపు చల్లారనిచ్చి, మర కొంచెం తిప్పాడు. ఆ సమయంలోనే నరేశ్ మమ్మల్ని దాటి పోయాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను, నా చెయ్యి ఊపడంలో రెండు మాటలు కూడా కలిపాను.

అక్కడి నుంచి నేను బండి గొంతు తప్ప ఇంకేదీ వినలేదు. ఒకసారి గతుకులో పడి నడుము కలుక్కుమంటే పొరపాటున గిచ్చాను. అతను వెంటనే వేగం తగ్గించాడు. తగ్గించవద్దని చరిచాను. చరిస్తే పెట్రోల్ ఎక్కువైందనుకుని ఆపబోయాడు. నడుస్తున్న బండి మీద ఒక తగాదా మొత్తం ఒక్క మాట లేకుండా ఆడుకున్నాం. మాలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు.

కడోదరా చౌరస్తాలో పోలీసు ఆపాడు. మాస్కు లోపల నుంచి ఏదో అడిగాడు. దశరథం అతని కళ్ల వంక చూసి, తెలియక, "పదిహేనో తారీఖు," అన్నాడు. నేను వెనక నుంచి నాకు వచ్చిన గుజరాతీలో, ఇతనికి చెవుడు, బండి శబ్దం వినడానికి నేను వచ్చాను, ఎనిమిదింటికి జోల్వా చేరకపోతే ఇతని పని పోతుంది అని చెప్పాను. పోలీసు నన్ను చూశాడు, బండిని చూశాడు. ఒంగి కాసేపు ఇంజను శబ్దం విన్నాడు.

"సారూ ఛే," అన్నాడు, బాగుందని. "జవా దో," అని చెయ్యి ఊపాడు, పోనిమ్మని.

జోల్వాలో గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదికి నాలుగు నిమిషాలు తక్కువ. శేఠ్ రసిక్‌భాయ్ నుదుటికి పెట్టే జ్వరం యంత్రం ఒక చేతిలో, తాళాల గుత్తి ఒక చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నరేశ్ పక్కనే, శుభ్రంగా దువ్వుకున్న తలతో. శేఠ్ మాస్కు లోపల నుంచి ఏదో అన్నాడు. దశరథం నా వంక తిరిగాడు. అతని కళ్లల్లో అంత భయం నేను కరోనా మొదటి రోజుల్లో కూడా చూడలేదు.

శేఠ్ అన్నది, "దీని మీద వచ్చావా?" అని. అంతే. నేను సైగతో చెప్పాను.

దశరథం బండి ట్యాంకు మీద చెయ్యి వేసి, "దీని మీదనే," అన్నాడు.

శేఠ్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. నల్ల డబ్బా చూశాడు, మగ్గం బోల్టులు చూశాడు. తన సాంచాల బోల్టులు తను గుర్తు పడతాడు కదా. బోల్టు మీద వేలు పెట్టి కదిపి చూశాడు. కదల్లేదు. జ్వరం యంత్రం దశరథం నుదుటికి చూపించి, అంకె చదివి, తాళాల గుత్తి అతని చేతిలో వేశాడు. వెళ్లి మొదటి సాంచా తిప్పు, మూడు నెలల తుప్పు ఉంది అన్నాడు. దానికి నా సైగ అవసరం లేకపోయింది. గుత్తి చేతిలో పడగానే దశరథం షెడ్డు వైపు నడిచాడు.

నరేశ్ అతని పక్కకు చేరి, భుజం తట్టి, మాస్కు తీయకుండానే అడిగాడు, "ముందుకే వచ్చినవా కాకా, ఎన్కకొచ్చినవా?"

"తాగిన," అన్నాడు దశరథం. "నువ్వు తాగినవా చాయ్?"

సాయంత్రం దాకా నేను గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాను. శేఠ్ రెండుసార్లు చాయ్ పంపాడు. లోపల ఒకటి, తర్వాత మూడు, తర్వాత ఏడు సాంచాలు మొదలయ్యాయి. ఆ దడదడ నేలలోంచి కాళ్లకు వచ్చేది. ఆరింటికి దశరథం వచ్చాడు. మోచేతుల దాకా నూనె, మెడలో తాళాల గుత్తి. తిరుగు దారిలో నేను నాలుగుసార్లు మాత్రమే గిచ్చాను. అందులో ఒకటి అవసరం లేదు, అలవాటైపోయి.

గల్లీలో దిగాక నడుముకు బిగించిన కొంగు విప్పుకున్నాను. దశరథం చొక్కా గుండీ విప్పి, కుడి భుజం తిప్పి చూసుకున్నాడు. ఎర్రగా, నల్లగా, అక్కడక్కడా నీలంగా ఉంది. తడుముకుని అబ్బా అన్నాడు. నేను మాస్కు దించి, ఏంది అన్నట్లు చూశాను.

"ఇంజన్ల పిస్టన్ ఇంకా సాఫ్ గాలె అవ్వా, ఇంకో పది రోజులు గొంతు చూడాలె," అన్నాడు. "రేపు సుత ఆరున్నరకు తయారుండు. గని రేపటి సంది ఎడమ బుజం గిచ్చు. కుడి దిక్కు ఇగ జాగ లేదు."